తప్పించుకోండి బావా

మధ్యాహ్నం మూడింటికి చట్టసభ కమిటీ. ఉదయం ఏడున్నరకే చుక్కమ్మ తన బావగారిని దొంగని చేసి వంటగదిలో కూర్చోబెట్టింది.

"సిద్ధమేనా?"

"టీ ఇస్తే సిద్ధమే. దొంగలకీ టీ ఇస్తారు మరదలా, స్టేషన్లో కూడా ఇస్తారు."

చుక్కమ్మ అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు. ప్రభుత్వానికి చట్టాల ముసాయిదాలు రాసే సెక్షన్లో ఆవిడది ముప్ఫై రెండేళ్ల సర్వీసు. ఒకసారి వాక్యం చివర చుక్క లేదని ఏకంగా మంత్రిగారి ఫైలునే వెనక్కి తిప్పి పంపింది. ఆ రోజు నుంచి చుక్కమ్మే. మొదట్లో వెనకాల అనేవాళ్లు. తర్వాత ఎదురుగానే అన్నారు. చివరికి ఆవిడే ఫోనెత్తి "చుక్కమ్మని మాట్లాడుతున్నాను" అనడం మొదలుపెట్టింది.

ఆవిడ అక్కాబావలది కింది వాటా, ఆవిడది పై వాటా. టీ, టిఫిను, తగువులు అన్నీ కిందే. బావ ముప్ఫై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. టికెట్ లేని మనిషి చెప్పగల సాకులన్నీ ఆయన చెవిన పడ్డాయి. నిద్ర నటించినవాళ్లని చూశాడు, మూగ నటించినవాళ్లని చూశాడు, నిన్నటి టికెట్ మీద ఇవాళ్టి తేదీ దిద్దుకున్న మహానుభావుణ్ణి చూశాడు. ఒక నిబంధనలోంచి మనిషి ఎలా జారుకుంటాడో ఆయనకి తెలిసినంతగా ఏ లాయరుకీ తెలీదని చుక్కమ్మ నమ్మకం.

అందుకే ఆవిడ పద్ధతి ఒకటుంది. రాసిన ప్రతి నిబంధననీ ముందు బావకి చదివి వినిపిస్తుంది. "తప్పించుకోండి బావా" అంటుంది. ఆయన కళ్లు మూసుకుని సందు వెతుకుతాడు. దొరికితే ఆవిడ ఆ సందు మూస్తుంది.

ముప్ఫై రెండేళ్లలో ఒకే ఒక్క నిబంధన ఆవిడ బావకి వినిపించకుండా పంపింది. పన్నెండేళ్ల కిందట, పొగాకు నియంత్రణ చట్టంలో. 'పొగాకు ఉత్పత్తి అంటే వెలిగించి పొగ పీల్చేది' అని రాసింది. సిగరెట్ అంటే ఏమిటో ఎవరికి తెలీదని వినిపించాలి?

సరిగ్గా ఆ 'వెలిగించి' దగ్గరే కొంప మునిగింది. మార్కెట్లోకి ఆవిరి పుల్లలు వచ్చాయి. పెన్నులా ఉంటాయి, బ్యాటరీతో వేడెక్కుతాయి, పుచ్చకాయ వాసన, బబుల్‌గమ్ వాసన. లోపల నికోటిన్. స్కూలు గేటుకి ఎదురుగా అమ్ముతున్నారని ఒక హెడ్మాస్టర్ కేసు పెడితే జడ్జిగారు చట్టం తెరిచి, "ఇందులో వెలిగించడం ఎక్కడుంది?" అని అడిగారు. కేసు కొట్టేశారు. ఆ తీర్పు కాపీ సెక్షన్‌కి వచ్చిన రోజు చుక్కమ్మ దాన్ని రెండుసార్లు చదివి, వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. అప్పట్నుంచి ఆ స్కూలు ముందు బస్సు ఆగినప్పుడల్లా చూపు తిప్పుకునేది.

ఇప్పుడు సవరణ వచ్చింది. ప్రభుత్వం ఈసారి గట్టిగానే బిగించింది. పెట్టె మీద హెచ్చరిక బొమ్మ పెద్దదైంది, విడిగా ఒక్కోటి అమ్మడం పోయింది, రుచులూ వాసనలూ పోయాయి, స్కూళ్ల చుట్టూ అమ్మకూడని మేర రెండింతలైంది. కానీ ఆ బిగింపులన్నీ వేలాడేది ఒక్క నిర్వచనం మీద. ఆ నిర్వచనం చుక్కమ్మది. ఇరవై మూడు రోజుల్లో ఆవిడ రిటైర్‌మెంట్. ఈ దఫా తప్పితే ఇంకో సవరణ ఎప్పుడొస్తుందో, అప్పటికి ఆ కుర్చీలో ఎవరుంటారో.

"వినండి," అంది. "'పొగాకు గానీ నికోటిన్ గానీ ఉండి, వెలిగించి గానీ, వేడి చేసి గానీ, మరో విధంగా గానీ పీల్చడానికి పనికొచ్చే ఏ వస్తువైనా.' తప్పించుకోండి బావా."

బావ కళ్లు మూసుకున్నాడు. రైల్లో టికెట్ లేని మనిషి గొంతు పెట్టాడు. "నేను పీల్చడం లేదు సార్. బుగ్గన పెట్టుకున్నాను. ఇంత చిన్న నికోటిన్ సంచీ. పొగ లేదు, ఆవిరి లేదు. నన్నెందుకు సార్ దింపేస్తారు?"

చుక్కమ్మ 'పీల్చడానికి' కొట్టేసి 'శరీరంలోకి తీసుకోవడానికి' అని రాసింది. "ఇప్పుడు?"

బావ కళ్లు తెరిచాడు. టీ కప్పుని సాసర్లో ఒక చుట్టు తిప్పాడు.

"అది కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"మానేద్దాం అనుకునేవాళ్లకి డాక్టర్లు నమిలే గమ్ ఇస్తారు కదా. అందులోనూ నికోటినే. నువ్విలా రాస్తే దాని మీదా ఊపిరితిత్తుల బొమ్మ వెయ్యాలి. స్కూలు పక్క మందుల షాపువాడు దాన్ని అమ్మకూడదు. పాపం, వాళ్లేమైపోవాలి?"

"పాపం ఎవరు?"

"జనం."

"జనం గమ్ సంగతి మీకెందుకు ఇంత వివరంగా తెలుసు?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. వంటగది గుమ్మం వైపు చూశాడు. అక్క స్నానాల గదిలో ఉంది, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. చొక్కా జేబులోంచి ఆకుపచ్చ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"మానేసి పంతొమ్మిది రోజులైంది. మీ అక్కకి చెప్పావో, నీకూ నాకూ కటీఫ్. మధ్యలో జారిపడితే పరువు పోతుంది. నెల నిండాక నేనే చెబుతా."

"మరి రోజూ సాయంత్రం వీధి చివరికి వెళ్లొస్తున్నారుగా?"

"ఊరికే నిలబడి వస్తున్నా. నలభై ఏళ్ల అలవాటు మరదలా. నోరు మానేసింది, కాళ్లకింకా కబురు అందలేదు."

చుక్కమ్మకి నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. రెండూ కనపడకుండా ఫ్రిజ్ వైపు తిరిగింది. ఆ ఫ్రిజ్ తలుపు మీద అక్క చేతిరాతతో ఈ ఇంటి చట్టం అంటించి ఉంది. 'ఇంట్లో సిగరెట్ తాగకూడదు' అన్నది అసలు చట్టం. బావ బాల్కనీలోకి వెళ్లి తాగాడు. 'బాల్కనీ కూడా ఇల్లే' అన్నది మొదటి సవరణ. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి తాగాడు. 'తల ఎక్కడున్నా మనిషి ఇంట్లో ఉంటే ఇంట్లో ఉన్నట్టే' అన్నది రెండోది. మెట్ల మీద కూర్చున్నాడు. 'మెట్లు కూడా' అన్నది మూడోది. అన్నిటికీ చివర చుక్కలు మాత్రం చుక్కమ్మ పెట్టింది.

అంత పోరాడిన మనిషి గుట్టుచప్పుడు కాకుండా లొంగిపోయాడన్నమాట.

"సరే," అని కలం పట్టుకుంది. "'పొగ మానడానికి ఉపయోగపడే ఉత్పత్తులకి ఇది వర్తించదు' అని ఒక ముక్క కలుపుతా. మీ గమ్ బతికిపోతుంది."

బావ బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. "ఇంకేం! నేనే కంపెనీని అనుకో. తెల్లారేసరికి నా పెట్టె మీద 'పొగ మానడానికి ఉపయోగపడును' అని అచ్చేయిస్తా. నా టికెట్ నేనే రాసుకుని ఎక్కేసినట్టు."

చుక్కమ్మ కలం ఆగింది. గమ్ పెట్టె అందుకుని, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, పక్కనున్న చీమతలకాయ అక్షరాలు చదివింది. మందుల నియంత్రణ సంస్థ నమోదు సంఖ్య.

"ఇదీ టికెట్! వేరేవాళ్లు ఇచ్చింది." గబగబా రాసింది. "'మందుల నియంత్రణ సంస్థ దగ్గర మందుగా నమోదై, ఆ సంఖ్య పెట్టె మీద ఉన్నవి తప్ప.' తప్పించుకోండి బావా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. గడియారం టకటకలాడింది. స్నానాల గదిలో నీళ్లు ఆగాయి. ఆయన పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"దొరికిపోయా," అన్నాడు కళ్లు తెరిచి. "వచ్చే స్టేషన్లో దిగిపోతా."

"ఈ పెట్టె ఇవాళ్టికి నాకివ్వండి."

"అందులో ఏడున్నాయి. లెక్క చూసుకునే ఇస్తున్నా."

*

పదకొండున్నరకి డైరెక్టర్ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒకటే కాగితం. తన గదికి పిలిపించుకోకుండా తానే వచ్చాడంటే వార్త మంచిది కాదు.

"కంపెనీ లాయర్ చిన్న సూచన పంపాడు. ఇవాళ కమిటీలో తనే వినిపిస్తాడట. సభ్యుల్లో కొందరికి అప్పుడే నచ్చింది. నాకూ తప్పు కనపడలేదు."

చుక్కమ్మ చదివింది. 'పొగ మానడానికి సహాయపడే ఉత్పత్తులకు ఈ చట్టం వర్తించదు'.

వంటగదిలో బావ నవ్వు చెవిలో మోగింది.

"సార్, ఇందులోంచి ఏనుగు దూరిపోతుంది."

"దూరుతుందని నువ్వంటావు. దూరదని ఆయనంటాడు. ఆయన ఎంత తియ్యగా అంటాడో నీకు తెలుసు." ఆఫీసులో ఆ లాయర్‌కి తేనెసీసా అని పేరు. "ఊహ మీద ఎవరూ కదలరు చుక్కమ్మా. అదీగాక మనం గోడ పక్క కుర్చీలవాళ్లం. రాతలో తప్పుంటే తప్ప, అడగకుండా నోరెత్తకూడదు."

డైరెక్టర్ వెళ్లిపోయాడు. చుక్కమ్మ కాగితాన్ని ఇంకోసారి చూసింది. అప్పుడొక సంగతి కనపడింది. కనపడ్డ వెంటనే చెయ్యి అలవాటుగా ఎర్ర కలం వైపు వెళ్లింది. వాక్యం చివర చుక్క లేదు.

పెట్టబోయి ఆగింది. చుక్క లేకుండా రాసేది పెట్టెల అట్టల మీదే.

తెల్లారేసరికి అచ్చేయిస్తా, అన్నాడు బావ. తెల్లారేదాకా వాళ్లెందుకు ఆగుతారు?

భోజనం డబ్బా మూత తియ్యకుండానే లేచింది.

*

ఆ స్కూలు ఆఫీసుకి రెండు వీధుల అవతల. గేటుకి ఎదురుగా కేసు కొట్టేయించుకున్న అదే కొట్టు. పన్నెండేళ్ల కిందట తను రాసిన మాట నీడలో ఏడాదిగా నిశ్చింతగా నడుస్తున్న కొట్టు. ఈసారి చుక్కమ్మ చూపు తిప్పుకోలేదు.

కొట్టావిడ పెన్సిళ్లు కట్టలు కడుతోంది. పెన్సిళ్ల పక్క రబ్బర్లు, రబ్బర్ల పక్క అంతే రంగురంగుల పెట్టెలు.

"ఆవిరి పుల్ల ఒకటివ్వమ్మా."

కొట్టావిడ చుక్కమ్మ నెరిసిన జుట్టునీ, భుజాన ఫైళ్ల సంచీనీ ఎగాదిగా చూసింది. "ఎవరికండీ? మీకేనా?"

"మా బావకి."

"ఏ రుచి?"

"ఏదైనా ఫర్లేదు. కొత్త పెట్టె కావాలి."

"అన్నీ కొత్తవేనండీ. నిన్ననే కంపెనీ వ్యాను వచ్చి పాతవన్నీ ఊడ్చుకుపోయి ఇవి పెట్టి వెళ్లింది. లోపల సరుకు అదే. అట్ట మాత్రం మార్చారు."

"ఎందుకట?"

"నాకేం తెలుసండీ. ఇక మీద ఏ గొడవా ఉండదు పిన్నీ అన్నాడు డ్రైవరు. ఆ మాట ఏడాది కిందటా అన్నారు. కేసని కోర్టు చుట్టూ తిరిగింది నేను, వాళ్లు కాదు." కొట్టావిడ పెట్టెని కౌంటర్ మీద విసిరినట్టు పెట్టింది. "ఇవి పోతే నాకు హాయి. పెన్సిళ్లు చెప్పిన మాట వింటాయి."

చుక్కమ్మ పెట్టె తిప్పింది. పుచ్చకాయ బొమ్మ కింద, మెరిసే అక్షరాల్లో ఒక వాక్యం. అక్కడే నిలబడి సంచీలోంచి లాయర్ కాగితం తీసి పక్కన పెట్టి చూసింది.

రెండూ సంచీలో పెట్టుకుని ఆఫీసు వైపు గబగబా నడిచింది.

*

మూడు గంటలు. పొడవాటి బల్ల, తొమ్మిదిమంది సభ్యులు. బల్ల చివర అధ్యక్షురాలు. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ లెక్కల టీచరు. ఇప్పటికీ చేతిలో ఏదో ఒకటి పట్టుకుని బల్ల మీద కొడుతుంది, ఇవాళ పెన్సిలు. గోడ పక్క కుర్చీల్లో డైరెక్టర్, చుక్కమ్మ.

తేనెసీసా లేచాడు. చక్కగా మాట్లాడాడు. పొగ మానాలని తపించే సామాన్యుడి గురించి, అతని భార్య కన్నీళ్ల గురించి, చట్టానికి ఉండాల్సిన మానవత్వం గురించి. "ఒక్క వాక్యం మేడమ్. మంచి మనసుతో ఒక్క వాక్యం కలపండి చాలు."

ఇద్దరు సభ్యులు తలలూపారు. మూడో ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అధ్యక్షురాలు పెన్సిల్‌తో బల్ల మీద కొట్టింది. ఒకటి. రెండు.

చుక్కమ్మ లేచి నిలబడింది. డైరెక్టర్ ఆవిడ చీర కొంగు పట్టుకోబోయి బాగుండదని మానుకున్నాడు.

"మేడమ్, రాతలో తప్పుంది."

"ఏమిటది?"

"వాక్యం చివర చుక్క లేదు."

బల్ల చుట్టూ నవ్వు లేచింది. తేనెసీసా అందరికన్నా హాయిగా నవ్వాడు. "చుక్కమ్మగారి గురించి విన్నాను. పెట్టుకోండమ్మా, మా తరఫున కానుక!"

"పెడదామనే చూశాను," అంది చుక్కమ్మ. "కానీ వాక్యం పూర్తయితేనే కదా మేడమ్ చుక్క. ఇది ఈ కాగితం మీద పూర్తి కాలేదు. మిగతాది దీని మీద ఉంది."

పుచ్చకాయ పెట్టె తీసుకెళ్లి అధ్యక్షురాలి ముందు పెట్టింది. నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

అధ్యక్షురాలు పెట్టె మీదున్నది పైకి చదివింది. "'పొగ మానడానికి సహాయపడే ఉత్పత్తి'. ఊఁ. ఇక్కడా చుక్క లేదు." పెట్టె తిప్పింది. "ప్యాక్ చేసింది ఎప్పుడు? ఏడు వారాల కిందట!" తలెత్తి లాయర్ని చూసింది. "మీ సూచన మాకు అందింది ఈ ఉదయం. దాన్ని మేము ఇంకా ఒప్పుకోలేదు. మీ పెట్టెకి ముందే ఎలా తెలిసిందండీ?"

"అది... మార్కెటింగ్ విభాగంవాళ్లు మేడమ్, నాకు తెలియకుండా..."

"ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దాను. జవాబు ముందు రాసేసి, లెక్క తర్వాత వేసినవాళ్లు నాకు చూడగానే తెలుస్తారు."

తేనెసీసా మొహంలో తీపి విరిగింది. ఆఖరి బాణం తీశాడు. "మాకు పాఠాలు చెబుతున్న ఈ సెక్షనే కదా మేడమ్, పన్నెండేళ్ల కిందట 'వెలిగించి' అని రాసి చట్టాన్ని నవ్వులపాలు చేసింది? ఇప్పుడు వీళ్ల రాతని నమ్ముతారా?"

డైరెక్టర్ నేల చూపులు చూశాడు. ఆ మాట రాసిందెవరో ఫైలుకి తప్ప ఎవరికీ తెలియదు.

"సెక్షన్ కాదండీ," అంది చుక్కమ్మ. "నేను. ఆ మాట నేనే రాశాను. సిగరెట్ అంటే ఏమిటో అందరికీ తెలుసు కదా అని ఎవరికీ వినిపించకుండా పంపాను. అందుకే ఈసారి ఒక దొంగకి వినిపించి తెచ్చాను."

"దొంగకా?" అధ్యక్షురాలి పెన్సిలు ఆగింది.

"మా బావగారు మేడమ్. రిటైరైన టికెట్ కలెక్టర్. నలభై ఏళ్లు సిగరెట్ తాగారు. ఇప్పుడు మానేస్తున్నారు, దీనితో." ఆకుపచ్చ పెట్టెని పుచ్చకాయ పెట్టె పక్కన పెట్టింది. "మానడానికి సహాయపడతానని రెండూ అంటున్నాయి. కానీ దీని మీద నమోదు సంఖ్య ఉంది. పరీక్షలు చేసి, మందు అని వేరేవాళ్లు ఇచ్చిన టికెట్ అది. దాని మీదున్నది వాళ్లే రాసుకున్న టికెట్. మా ముసాయిదా మొదటిదాన్ని ఎక్కనిస్తుంది, రెండోదాన్ని దింపేస్తుంది. అంతే తేడా."

కళ్లజోడు తుడుచుకున్న సభ్యుడు దాన్ని పెట్టుకుని రెండు పెట్టెలూ దగ్గరికి లాక్కున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసి, లాయర్ వైపు చూడకుండానే అన్నాడు: "నాకు ముసాయిదా ఉన్నదున్నట్టుగా సమ్మతం."

తొమ్మిది చేతులు లేచాయి. అధ్యక్షురాలు ముసాయిదా చివరి పేజీ తిప్పి, వేలు పెట్టి చూసింది. "చుక్క ఉంది," అని సంతకం పెట్టింది.

*

చుక్కమ్మ ఇల్లు చేరేసరికి బావ గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమైంది?"

"తొమ్మిదికి తొమ్మిది. ఇలా కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నదాన్ని చట్టసభ మార్చడం నా సర్వీసులో చూడలేదు."

"అదీ నా మరదలంటే!" బావ అరచేతిలో అరచెయ్యి కొట్టాడు. తర్వాత అదే చెయ్యి చాచాడు. "నా గమ్?"

చుక్కమ్మ నాలిక్కరుచుకుంది. "అది... కమిటీ రికార్డులో చేరిపోయింది బావా."

"రికార్డులోనా? అందులో ఏడున్నాయి! ఈ సాయంత్రం నేనెలా గడపాలి?"

గొంతు కాస్త పెద్దదే అయింది. వంటగదిలోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ బిగుసుకుపోయారు.

"చక్కెర డబ్బా వెనకాల ఇంకో పెట్టె ఉంది," అంది అక్క తాపీగా. "అయిపోవస్తోందని మొన్ననే తెచ్చి పెట్టాను."

బావ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "నీకు... ఎప్పట్నుంచి..."

"కుర్చీ కింద చెయ్యి పెట్టి జరపబోతే వేళ్లకి అంటుకుంది. అప్పట్నుంచి. ఒకటి కాదు, పదకొండు! వరసగా, బొత్తాల్లా."

"మరి అడగలేదేం?"

"నెల నిండాక మీరే చెబుతారని. మీ సంగతి నాకు తెలీదూ?" అక్క మొహం పక్కకి తిప్పుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. ఆ తిప్పుకోవడంలో ఎంత సంతోషం దాచుకుందో చెల్లెలికి తెలుసు. అక్క కలం తీసుకుని ఇంటి చట్టం కింద నాలుగో సవరణ రాసింది. 'నమిలిన గమ్ కుర్చీ కింద అంటించకూడదు'.

బావ వెనకనుంచి తొంగి చూశాడు. కళ్లల్లో పాత మెరుపు వచ్చింది. "కుర్చీ కింద అన్నావు. మరి బల్ల కింద?"

"ఏమే, విన్నావా ఈయన్ని!" అంది అక్క.

చుక్కమ్మ కలం అందుకుంది. 'కుర్చీ కింద' కొట్టేసి, 'చెత్తబుట్టలో తప్ప ఇంకెక్కడా' అని రాసి, వెనక్కి జరిగింది.

"తప్పించుకోండి బావా."

బావ కళ్లు మూసుకున్నాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుచూసింది. పొయ్యి మీద టీ పొంగే చప్పుడు మొదలైంది, అయినా ఎవరూ కదల్లేదు.

"దొరికిపోయా," అన్నాడాయన చివరికి. "వచ్చే స్టేషన్లో దిగిపోతా."

"దిగేముందు టీ తాగి దిగండి," అంటూ అక్క పొయ్యి వైపు పరుగెత్తింది.

చుక్కమ్మ వాక్యం చివర చుక్క పెట్టింది.